పవర్‌ఫుల్ స్పోర్ట్స్ కారులో స్టెబిలిటీ కంట్రోల్: ఏ సెట్టింగ్ ఎప్పుడు పెట్టుకోవాలి?

ఐదు వందల హార్స్‌పవర్ దగ్గర్లో ఉన్న కారు కొత్తగా కొన్నవాళ్లకి మొదటి వారంలోనే వచ్చే సందేహం ఇది. బండి జారి అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ పూర్తిగా ఆన్‌లో ఉంచాలా, స్పోర్ట్ మోడ్‌లో పెట్టాలా, ఆఫ్ చేసేయాలా? "నీకు డ్రైవింగ్ ఎంత బాగా వస్తే అంత తగ్గించుకో" అని చాలామంది సలహా ఇస్తారు. నేను దాంతో ఏకీభవించను. నా లెక్కలో ముందు చూడాల్సింది ఒక్కటే: బండి జారితే ఎక్కడా తగలకుండా ఆగడానికి చుట్టూ ఎంత ఖాళీ ఉంది? నైపుణ్యం సంగతి ఆ తర్వాత.

బీఎండబ్ల్యూ ఎం2నే తీసుకుందాం. ఇప్పటి తరం ఎం2 పొడవు 4.58 మీటర్లు, వెడల్పు 1.89 మీటర్లు. మన దగ్గర రెండు వరుసల రోడ్డు అంటే మామూలుగా 7 మీటర్లు, అంటే ఒక్కో వరుసకి మూడున్నర మీటర్లు. కారు సరిగ్గా మధ్యలో వెళ్తుంటే అటు 80 సెంటీమీటర్లు, ఇటు 80 సెంటీమీటర్లు మిగులుతాయి. ఇప్పుడు వెనక భాగం జారి కారు 15 డిగ్రీలు అడ్డం తిరిగిందనుకోండి. అప్పుడు అది ఆక్రమించే వెడల్పు దాదాపు 3 మీటర్లు. వరుస మొత్తం అయిపోయినట్టే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 28 మీటర్లు వెళ్తుంది. ఎంత మంచి డ్రైవరైనా జారుడు తెలుసుకుని, స్టీరింగ్ ఎదురు తిప్పి, బండిని దారికి తెచ్చేలోపు ఆ దూరం గడిచిపోతుంది. ఎదురు వరుసలో లారీ ఉందా, ఎడమ పక్కన బైక్ ఉందా అన్నది మన చేతిలో ఉండదు.

అందుకే మొదటి తీర్పు ముందే చెప్పేస్తున్నాను. పబ్లిక్ రోడ్డు మీద స్టెబిలిటీ కంట్రోల్ పూర్తిగా ఆన్‌లోనే ఉండాలి. ఒకే ఒక్క మినహాయింపు ఉంది, అది కింద చెప్తాను. రక్షణ తగ్గించే మిగతా సెట్టింగులన్నిటికీ రేస్ ట్రాక్ కావాలి, అది కూడా సరైన ట్రాక్.

ఈ వ్యవస్థ ఏం చేస్తుందో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. స్టీరింగ్ ఎంత తిప్పారో ఒక సెన్సర్ చూస్తుంది. బండి నిజంగా ఎంత తిరుగుతోందో ఇంకో సెన్సర్ చూస్తుంది. పక్కకి పడే బలం, నాలుగు చక్రాల వేగాలు కూడా కంప్యూటర్‌కి అందుతాయి. మీరు అడిగిన మలుపుకీ, బండి తిరుగుతున్న తీరుకీ తేడా వస్తే అది ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేస్తుంది. వెనక భాగం బయటికి కొడుతుంటే మలుపుకి బయటి వైపు ముందు చక్రానికి, ముందు భాగం తిరగకుండా నేరుగా పోతుంటే లోపలి వైపు వెనక చక్రానికి. దాంతోపాటు ఇంజన్ పవర్ కోస్తుంది. మన కాలికి ఉన్నది ఒక్కటే బ్రేక్ పెడల్ కాబట్టి ఒక చక్రానికి మాత్రమే బ్రేక్ వేయడం ఏ రేసర్ వల్లా కాదు.

ఇది 1995లో మెర్సిడెస్ పెద్ద కూపేలో బాష్ వ్యవస్థతో రోడ్డు మీదికి వచ్చింది. 1997లో స్వీడన్‌లో ఒక పత్రిక చేసిన పరీక్షలో మెర్సిడెస్ ఏ-క్లాస్ బోల్తా పడ్డాక, ఆ చిన్న కారుకి కూడా దీన్ని తప్పనిసరిగా ఇవ్వడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి ఇది ఖరీదైన కార్ల ముచ్చటగా మిగిలిపోలేదు. అమెరికా రహదారి భద్రతా సంస్థ లెక్క ప్రకారం, ఒక్క బండి మాత్రమే ఇరుక్కునే ప్రమాదాలని ఇది కార్లలో 34 శాతం, ఎస్‌యూవీల్లో 59 శాతం తగ్గిస్తుంది. 2012 మోడళ్ల నుంచి అక్కడ అన్ని తేలికపాటి వాహనాలకీ తప్పనిసరి. అదే నిబంధనలో ఇంకో మంచి మాట ఉంది: మీరు ఆఫ్ చేసినా, ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అది తిరిగి ఆన్ అవ్వాలి. ప్రతిసారీ బటన్ నొక్కాల్సి వస్తోందని విసుక్కునేవాళ్లు ఇది కావాలనే పెట్టారని గుర్తించాలి.

ఇక ఆప్షన్లు. పేర్లు కంపెనీకో రకంగా ఉంటాయి కానీ లోపల ఉన్నవి నాలుగైదు రకాలే: వాన మోడ్, పూర్తి ఆన్, మధ్య మోడ్ (కొంత జారనిచ్చి పట్టుకునేది), ట్రాక్షన్ కంట్రోల్ (పవర్ ఇచ్చినప్పుడు చక్రం ఊరికే తిరిగిపోకుండా చూసేది) మాత్రమే ఉండే మోడ్, పూర్తి ఆఫ్.

పూర్తి ఆన్ గురించి ఒక అపోహ ఉంది, అది పెట్టుకుంటే కారు సరదా పోతుందని. పదేళ్ల కిందటి కొన్ని కార్ల విషయంలో అది నిజమే. చక్రం కాస్త జారగానే పవర్ మొత్తం కోసేసేవి. ఇప్పటి ఎం2, పోర్షే 911, షెవ్రొలే కార్వెట్ లాంటివాటిలో పొడి రోడ్డు మీద పద్ధతిగా నడిపితే అది పని చేస్తున్నట్టే తెలియదు. స్టెబిలిటీ కంట్రోల్ జోక్యం చేసుకున్నప్పుడు డాష్‌బోర్డులో వెలిగే పసుపు దీపం రోడ్డు మీద తరచూ మినుకుతోందంటే సెట్టింగ్ తప్పు కాదు, మీ వేగం తప్పు. యాక్సిలరేటర్ తొక్కే తీరు అయినా అయి ఉండాలి. ట్రాక్ మీద కూడా నేను ఇదే కొలత వాడమంటాను. ఒక ల్యాప్ మొత్తం దీపం వెలగకుండా, వేగం తగ్గకుండా నడపగలిగే వరకు మధ్య మోడ్ జోలికి పోవద్దు. దీపం వెలిగిన ప్రతి చోటా బండి మీకు ఒక తప్పు చూపిస్తోంది: స్టీరింగ్ పూర్తిగా నేరుగా రాకముందే యాక్సిలరేటర్ తొక్కారు, లేదా మలుపులోకి ఎక్కువ వేగంతో వచ్చారు. ఆ పాఠం అయ్యాకే పై మెట్టు.

పూర్తి ఆన్‌కి ట్రాక్ మీద ఒక నిజమైన ఇబ్బంది మాత్రం ఉంది. గట్టిగా నడిపితే వ్యవస్థ మాటిమాటికీ బ్రేకులు వాడుతుంది కాబట్టి అవి, ముఖ్యంగా వెనకవి, వేడెక్కుతాయి, ప్యాడ్‌లు త్వరగా అరుగుతాయి. ల్యాప్‌ల మధ్య నెమ్మదిగా ఒక రౌండ్ తిప్పి చల్లార్చుకుంటే సరిపోతుంది.

అసలు గందరగోళమంతా మధ్య మోడ్‌లోనే. బీఎండబ్ల్యూలో దీన్ని ఎం డైనమిక్ మోడ్ అంటారు, పోర్షేలో పీఎస్‌ఎం స్పోర్ట్, మెర్సిడెస్ ఏఎంజీల్లో ఈఎస్‌పీ స్పోర్ట్ హ్యాండ్లింగ్. బండిని కొంత కోణం వరకు జారనిచ్చి, ఆ తర్వాత పట్టుకోవడం దీని పని. ట్రాక్ మీద నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి సాధనం లేదని నా గట్టి అభిప్రాయం. వెనక భాగం కదలడం ఒంటికి తెలుస్తుంది, ఎదురు స్టీరింగ్ తిప్పడం అలవాటవుతుంది, చిన్న తప్పు చేస్తే వెనక ఒక చెయ్యి ఉంటుంది.

కానీ ఈ మోడ్ ఒక విషయం మన నుంచి ఆశిస్తుంది. జారుడు మొదలవగానే మీరు సరైన వైపు, సరైన వేగంతో స్టీరింగ్ తిప్పుతారని. మీరు గాభరాపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేస్తే బరువు ముందుకి పడి వెనక చక్రాల పట్టు ఇంకా తగ్గుతుంది. ఇంజన్ వెనక ఉన్న 911లో ఇది మరీ ఎక్కువ. వ్యవస్థ జోక్యం చేసుకునేసరికి బండి అప్పటికే చాలా తిరిగి ఉంటుంది, దాన్ని ఆపడానికి ఎక్కువ చోటు కావాలి. అదే సమయంలో మీరు ఎదురు తిప్పిన స్టీరింగ్ అలాగే పట్టుకుని ఉంటే, పట్టు తిరిగొచ్చిన క్షణంలో బండి రెండో వైపుకి విసురుగా కొడుతుంది. ఎక్కువమంది గోడకి తగిలేది మొదటి జారుడులో కాదు, ఈ రెండో విసురులో. "సగం ఆన్‌లోనే ఉంది కదా, అదే చూసుకుంటుంది" అని వాన పడిన ఘాట్ రోడ్డు మీద మధ్య మోడ్ పెట్టుకోవడం అందుకే ప్రమాదం. అది చూసుకుంటుంది నిజమే, కానీ శ్రీశైలం ఘాట్ మలుపులో అది చూసుకునేంత చోటు ఉండదు.

ఇప్పుడు పేర్ల దగ్గర జాగ్రత్తగా ఉండాల్సిన సంగతి. షెవ్రొలే కార్వెట్‌లో పెర్ఫార్మెన్స్ ట్రాక్షన్ మేనేజ్‌మెంట్ అని అయిదు మెట్లు ఉంటాయి: వెట్, డ్రై, స్పోర్ట్ 1, స్పోర్ట్ 2, రేస్. చూడ్డానికి ఒకటి తర్వాత ఒకటి సమానంగా పెరిగే మెట్లలా కనిపిస్తాయి. కావు. స్పోర్ట్ 1 వరకు స్టెబిలిటీ కంట్రోల్ ఉంటుంది. స్పోర్ట్ 2కి వెళ్లగానే అది పోతుంది, ట్రాక్షన్ కంట్రోల్ మాత్రమే మిగులుతుంది. అంటే ఆ అయిదింటిలో అసలైన గీత స్పోర్ట్ 1కీ స్పోర్ట్ 2కీ మధ్య ఉంది. అమెరికాలో కార్వెట్ కొనుక్కున్న మన తెలుగువాళ్లు మొదటి ట్రాక్ డేకి (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజుకి) వెళ్లేముందు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. స్పోర్ట్ 1 దాటి వెళ్లాలంటే శిక్షకుడు పక్క సీట్లో ఉండాలి.

ఫెరారీ స్టీరింగ్ మీద ఉండే మనెట్టినో స్విచ్‌లో ఈ గీత స్పష్టంగా కనిపిస్తుంది. వెట్, స్పోర్ట్, రేస్, ఆ తర్వాత సీటీ (ట్రాక్షన్ కంట్రోల్) ఆఫ్, చివర్న ఈఎస్‌సీ (స్టెబిలిటీ కంట్రోల్) ఆఫ్. ఇక్కడ రేస్ అంటే కార్వెట్ రేస్ లాంటిది కాదు, స్టెబిలిటీ కంట్రోల్ ఇంకా ఉంటుంది. పోర్షే 911 జీటీ3లో రెండు అడుగులు: ముందు ఈఎస్‌సీ ఆఫ్, అప్పుడు ట్రాక్షన్ కంట్రోల్ ఉంటుంది, తర్వాత ఈఎస్‌సీతోపాటు ట్రాక్షన్ కూడా ఆఫ్. ఒక కారులో అలవాటైన పేరుని ఇంకో కారుకి అన్వయించుకోవద్దు. అద్దెకి తీసుకున్నా, స్నేహితుడి కారు నడిపినా, ముందు మాన్యువల్‌లో ఆ పేజీ చదవండి. స్క్రీన్ మీద మోడ్ పేరు కంటే, స్టెబిలిటీ దీపం పక్కన ఆఫ్ అని ఉందా లేదా అన్నదే నమ్మదగ్గ గుర్తు.

ట్రాక్షన్ కంట్రోల్‌నీ స్టెబిలిటీ కంట్రోల్‌నీ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. ట్రాక్షన్ కంట్రోల్ చూసేది పవర్ ఇచ్చినప్పుడు చక్రం తిరిగిపోవడాన్ని మాత్రమే. బీఎండబ్ల్యూ ఎం డ్రైవ్ ప్రొఫెషనల్ ఉన్న ఎం2, ఎం3, ఎం4లలో పది మెట్ల ట్రాక్షన్ కంట్రోల్ ఉంది. మెర్సిడెస్ ఏఎంజీ జీటీ ఆర్‌లో పసుపు రంగు నాబ్‌తో తొమ్మిది మెట్లు. ఇవి చాలా గొప్ప సాధనాలు, మలుపు బయటికి వచ్చేటప్పుడు ఎంత పవర్ పెట్టొచ్చో కొంచెం కొంచెంగా నేర్పుతాయి. కానీ ఇవి పని చేసేది స్టెబిలిటీ కంట్రోల్ ఆఫ్ అయ్యాకే. బ్రేక్ వేస్తూ మలుపులోకి తిరిగినప్పుడో, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలినప్పుడో వెనక భాగం జారితే ట్రాక్షన్ కంట్రోల్ ఏ మెట్టులో ఉన్నా మిమ్మల్ని కాపాడదు, ఎందుకంటే అప్పుడు మీరు పవర్ ఇవ్వడం లేదు. కాబట్టి ఎం డైనమిక్ మోడ్‌కీ, బాగా ఎక్కువ జోక్యంలో పెట్టిన పది మెట్ల ట్రాక్షన్‌కీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే, ట్రాక్‌కి కొత్తయినవాళ్లు మధ్య మోడ్‌నే ఎంచుకోవాలి.

పూర్తి ఆఫ్ గురించి ఎక్కువ చెప్పను. ఖాళీ స్కిడ్‌ప్యాడ్ (జారుడు నేర్చుకోవడానికి ఉంచిన మైదానం), తడిపిన కాంక్రీట్, పక్కన శిక్షకుడు, తక్కువ వేగం: అక్కడ ఆఫ్ చేసి నేర్చుకోవడం నిజంగా విలువైనది, ట్రాక్ కంటే ముందు అక్కడికే వెళ్లమంటాను. ఏబీఎస్ మాత్రం ఆఫ్‌లో కూడా పని చేస్తూనే ఉంటుంది, కాబట్టి బండి చేయి దాటితే బ్రేక్ గట్టిగా నొక్కి పట్టుకోవడమే మిగిలే మార్గం. ల్యాప్ టైమ్ కోసం ఆఫ్ చేయాలనుకునేవాళ్లకి ఒక మాట: మంచి మధ్య మోడ్ ఉన్న కారులో, దీపం వెలగకుండా నడిపే డ్రైవర్‌కి ఆఫ్ వల్ల దొరికే లాభం చాలా చిన్నది.

ముందు చెప్పిన మినహాయింపు ఇది. ఇసుకలోనో, బురదలోనో, మంచులోనో బండి ఇరుక్కుపోతే పూర్తి ఆన్ పవర్ కోసేసి బయటికి రానివ్వదు. అప్పుడు నడక వేగంలో ఆఫ్ చేసుకుని బయటపడండి, గట్టి నేల తగలగానే ఆన్ చేయండి. ఇలాంటిదే, కానీ రోడ్డు మీద కాని ఇంకో సందర్భం లాంచ్ కంట్రోల్, అంటే ఆగి ఉన్న బండిని వీలైనంత వేగంగా ముందుకి దూకించే ఏర్పాటు. 2014లో వచ్చిన తరం ఎం3, ఎం4లలో లాంచ్ కంట్రోల్ వాడాలంటే ముందు స్టెబిలిటీ కంట్రోల్ ఆఫ్ చేయాలి. డ్రాగ్ స్ట్రిప్ (నేరు పరుగు పందేల ట్రాక్) మీద అలా వాడి, ఇంజన్ ఆపకుండా అదే ఊపులో రోడ్డెక్కేస్తే అది ఆఫ్‌లోనే ఉంటుంది. ఆ కార్ల ఇంజన్ 1,850 ఆర్‌పీఎం దగ్గరే 550 న్యూటన్ మీటర్ల టార్క్ మొత్తం ఇచ్చేస్తుంది. తడి రోడ్డు మీద మూడో గేరులో కూడా వెనక టైర్లు వదిలేస్తాయి.

వాన సంగతి విడిగా చెప్పాలి. 2019లో వచ్చిన 992 తరం 911లో ముందు చక్రాల గూళ్లలో ఉన్న సెన్సర్లు నీటి చిమ్ము శబ్దాన్ని విని, తడిగా ఉందని డ్రైవర్‌కి చెప్తాయి. వెట్ మోడ్‌లోకి మాత్రం మనమే మార్చాలి. అలా చెప్పగానే మార్చేయండి, ఆలోచించొద్దు. బీఎండబ్ల్యూ ఎం కార్లలో విడిగా వాన మోడ్ లేదు. అక్కడ స్టెబిలిటీ పూర్తి ఆన్, ఇంజన్ స్పందన అన్నిటికంటే మెత్తని సెట్టింగ్‌లో, ఎక్స్‌డ్రైవ్ (నాలుగు చక్రాలకీ పవర్ పంపే వ్యవస్థ) ఉంటే మామూలు ఫోర్ వీల్ డ్రైవ్‌లో. ఎండాకాలం తర్వాత పడే మొదటి వానల్లో రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము, రబ్బరు పైకి తేలి పట్టు బాగా తగ్గుతుంది. హైదరాబాద్ ఔటర్ మీద 120 పరిమితి ఉంది కదా అని ఆ రోజు కూడా 120లో వెళ్లాలని లేదు. టైరు కింద నీళ్లు నిలిచి బండి తేలితే ఏ మోడ్ అయినా ఒకటే. లేని పట్టుని కంప్యూటర్ పుట్టించలేదు.

చలి దేశాల్లో ఉన్నవాళ్లకి టైర్లే మొదటి సెట్టింగ్. స్పోర్ట్స్ కార్లతో వచ్చే సమ్మర్ టైర్లు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్తే గట్టిపడి పట్టు కోల్పోతాయి. న్యూజెర్సీలో నవంబరు ఉదయం రోడ్డు పొడిగా ఉన్నా వాటి మీద పూర్తి ఆన్ తప్ప ఇంకోటి పెట్టొద్దు. వింటర్ టైర్లు వేయించుకోవడం ఇంకా మంచిది.

ట్రాక్ అనగానే అన్నీ ఒకటి కావు. మొదట్లో చెప్పిన చోటు లెక్క ఇక్కడా పని చేస్తుంది. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ ఫార్ములా 1 కోసం కట్టింది, మలుపుల పక్కన విశాలమైన ఖాళీ ఉంటుంది. మధ్య మోడ్ నేర్చుకోవడానికి అలాంటి చోటు బాగుంటుంది. మన వాళ్లకి దగ్గరగా ఉండేవి చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వే. అక్కడికి వెళ్తే మొదట నెమ్మదిగా తిరిగి ఏ మలుపు పక్కన ఎంత ఖాళీ ఉందో, గోడ ఎంత దగ్గరో చూసుకుని, తక్కువ చోటున్న మలుపుని బట్టి మోడ్ నిర్ణయించుకోండి. జర్మనీలో ఉన్నవాళ్లు సరదాపడి వెళ్లే నూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫె 20.8 కిలోమీటర్ల పొడవు, చాలా చోట్ల ఇనుప కంచె తారు అంచుకి కొద్ది అడుగుల దూరంలోనే. పబ్లిక్‌కి తెరిచిన రోజుల్లో అక్కడ ట్రాఫిక్ నిబంధనలే వర్తిస్తాయి. పేరుకి రేస్ ట్రాకే అయినా నా లెక్కలో అది రోడ్డే. పూర్తి ఆన్.

ఎం కార్ల స్టీరింగ్ మీద ఎం1, ఎం2 అని రెండు ఎర్ర బటన్లు ఉంటాయి. వాటిలో మనకి కావలసిన సెట్టింగుల కలయిక దాచుకోవచ్చు. ఎం1లో ఇంజన్, గేరు స్పందన చురుగ్గా, సస్పెన్షన్ మెత్తగా, స్టెబిలిటీ పూర్తి ఆన్ పెట్టుకోండి. ఎవరూ లేని రోడ్డు మీద ఉత్సాహంగా నడపడానికి ఇది చాలు, గతుకుల మీద చక్రాలు నేలని వదలకుండా మెత్తని సస్పెన్షనే ఎక్కువ పట్టు ఇస్తుంది. ఎం2 బటన్‌లో ట్రాక్ కోసం ఎం డైనమిక్ మోడ్. ఆఫ్‌ని ఏ బటన్‌లోనూ దాచొద్దు. ఇంట్లో ఇంకొకరు కూడా ఆ కారు తీస్తుంటే ఎం2 బటన్‌ని కూడా పూర్తి ఆన్‌లోనే ఉంచి, ట్రాక్ రోజున మాత్రం మార్చుకోండి.

కొనే ముందు ఎంచుకుంటున్నవాళ్లకి: రెండు కార్ల మధ్య తేల్చుకోలేకపోతుంటే, ఒకదానిలో మంచి మధ్య మోడ్ ఉండి ఇంకోదానిలో ఆన్, ఆఫ్ మాత్రమే ఉంటే, మొదటిదే తీసుకోండి, నలభై హార్స్‌పవర్ తక్కువైనా సరే. సెకండ్ హ్యాండ్ అయితే నాలుగు టైర్లూ కంపెనీ చెప్పిన సైజేనా చూడండి. సైజులు తేడాగా ఉంటే చక్రాల వేగాలు తప్పుగా అంది స్టెబిలిటీ కంట్రోల్, ఫోర్ వీల్ డ్రైవ్ రెండూ తికమకపడతాయి. టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ కూడా చదవండి: 3221 అంటే 2021లో 32వ వారంలో తయారైందని. అయిదారేళ్లు దాటిన టైర్లు పైకి కొత్తగా కనిపించినా, వాటిని మార్చే వరకు ట్రాక్ మీద కూడా పూర్తి ఆన్ నుంచి కదపొద్దు.